మాటలకి సరెండర్ వాల్యూ

వొకాబులరీ అన్న మాటకి తెలుగులో మనం ఖాయం చేసుకున్న మాట పదసంపద. ఇంగ్లీషు మాటలో డబ్బు ఊసే లేదు. మనం మాత్రం అందులోకి సంపదని తెచ్చిపెట్టుకున్నాం. సంపద అన్నాక దాని వెనకే వారసత్వం, లేమి, అప్పు, ఆర్భాటం అన్నీ వరసగా వస్తాయి. ఎవరు చేసిన అనువాదమో గానీ, బడిపిల్లల ఇంగ్లీషు గురించి ఆలోచించినప్పుడల్లా ఇది అసలు మాటకంటే నిజమైన మాట అనిపిస్తుంది నాకు.

పిల్లలకి ఇంగ్లీషు వొకాబులరీ పెంచడం ఎలా అన్నదాన్ని మనం టెక్నిక్ సమస్యగా చూస్తాం. ఫ్లాష్‌కార్డులా, యాప్‌లా, బోర్డు మీద రోజుకో కొత్త మాటా అని మాట్లాడుకుంటాం. వీటిలో ఏది బాగా పనిచేస్తుందో తేల్చడానికి పరిశోధకులున్నారు. నన్ను ఇబ్బంది పెట్టేది దానికంటే ముందు రావలసిన ప్రశ్న. ఒక పిల్లకి బడి ఏ మాటలు బాకీ ఉంది? ఇంట్లో ఇంగ్లీషు లేని పిల్లకీ, ఇంట్లో ఇంగ్లీషే ఉన్న పిల్లకీ ఆ బాకీ ఒకటేనా?

మనలో చాలామందికి ఇంగ్లీషు మాటలు వచ్చిన దారి ఒకటే. పాఠం చదవడం అయిపోగానే "మీనింగ్స్ రాసుకోండి" అంటారు. నోట్‌బుక్ పేజీని మధ్యకి మడిచి ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం. కాస్త పై తరగతికొచ్చాక కుడివైపు తెలుగు కూడా పోయి ఇంకో ఇంగ్లీషు మాట వచ్చి కూచుంటుంది. రిలక్టెంట్ అంటే అన్‌విల్లింగ్. అన్‌విల్లింగ్ అంటే నాట్ విల్లింగ్. విల్లింగ్ అంటే ఏమిటో ఎవరూ అడగరు, పరీక్షలో రాదు కాబట్టి. మా వృత్తిలో దీనికో పోలిక ఉంది: ఒక పాయింటర్ ఇంకో పాయింటర్‌ని చూపిస్తుంది, అది మరోదాన్ని చూపిస్తుంది, చివరికంటా వెళ్ళి చూస్తే అక్కడ ఏమీ ఉండదు. ప్రోగ్రామ్ అయితే అక్కడే క్రాష్ అవుతుంది. పిల్లలు క్రాష్ అవరు. మార్కులు తెచ్చుకుని పై తరగతికి వెళ్ళిపోతారు.

ఇంజనీరింగ్‌కి వచ్చాక ఈ మీనింగ్స్ నోట్‌బుక్కే కొంచెం ఖరీదైన రూపంలో మళ్ళీ ఎదురైంది. అమీర్‌పేటలో జీఆర్ఈ కోచింగ్, బారన్స్ పుస్తకం, అందులో మూడున్నర వేల మాటల జాబితా. అబేస్, అబాష్, అబేట్ అంటూ మొదలవుతుంది. మా హాస్టల్లో చాలామంది ఇంగ్లీషు ఏ తో మొదలై డి దగ్గర ఆగిపోయింది. ఏ తో మొదలయ్యే మాటల్లో మాత్రం మేం ఆక్స్‌ఫర్డ్ వాళ్ళతో పోటీ పడగలిగేవాళ్ళం. 2011లో ఆ పరీక్షనే మార్చేసి వ్యతిరేక పదాల ప్రశ్నలు, పోలికల ప్రశ్నలు ఎత్తేశారు. ఆ మాటలు చెడ్డవని నేననను. లకానిక్ అన్న మాట వెనక స్పార్టా వాళ్ళున్న లకోనియా ఉందని తెలిసినప్పుడు కలిగిన సరదా నాకింకా గుర్తే. కానీ పన్నెండేళ్ళ ఉద్యోగంలో నా నెత్తిన పడ్డ ఇంగ్లీషు వేరు. ఒక బగ్ ఎందుకొచ్చిందో వివరించడం, గడువు ఎందుకు దాటిందో చెప్పడం, అవతలివాడికి కోపం రాకుండా కాదనడం. వీటన్నిటికీ కావలసినవి చిన్న మాటలు. పుట్, టేక్, హోల్డ్, బ్రింగ్, స్టాండ్ లాంటివి.

చిన్న మాటలంటే తేలిక మాటలని మనం అనుకుంటాం. తెలుగులో 'కొట్టు' తీసుకోండి. తలుపు కొడతాం, చప్పట్లు కొడతాం, సిక్సర్ కొడతాం, టైరుకి గాలి కొడతాం. వాసన కొడుతుంది, బోరు కొడుతుంది. పర్సు ఎవడో కొట్టేస్తాడు. నీళ్ళకి ఇల్లు కొట్టుకుపోతుంది. దిష్టి కొడుతుంది, ఇక్కడ కొట్టేది ఎవరో కూడా తెలీదు. ఒక తెలుగు పిల్లకి ఇవన్నీ ఐదారేళ్ళకే వచ్చేస్తాయి, ఏ నోట్‌బుక్కులోనూ రాసుకోకుండా. తెలుగు నేర్చుకునే ఓ జపానువాడి వైపు నుంచి చూస్తే తెలుస్తుంది ఆ పిల్ల దగ్గర ఎంత ఉందో. ఇంగ్లీషులో రన్ అన్న క్రియకి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ఆరు వందలకు పైగా అర్థాలున్నాయి. మన బడుల్లో రన్ అంటే పరిగెత్తు, అయిపోయింది, తర్వాతి మాట.

రెండేళ్ళ కిందట మా ఆఫీసు సేవా కార్యక్రమంలో భాగంగా నగరం శివార్లలో ఒక ప్రభుత్వ పాఠశాలకి శనివారాలు వెళ్ళేవాణ్ణి. ఎనిమిదో తరగతి. చాలామంది తల్లిదండ్రులు కట్టుబడి పనులకి వలస వచ్చినవాళ్ళు. ఆఫీసువాళ్ళు పంచిన కిట్‌లో వంద రోజుల్లో వెయ్యి మాటలు నేర్పే పుస్తకం ఉండేది. ఏడాది చివర 'మా వీధి' అన్న విషయం మీద ఇంగ్లీషు వ్యాసరచన పోటీ పెట్టారు. మా ఆఫీసు నుంచి ముగ్గురం న్యాయనిర్ణేతలం. చివరికి రెండు వ్యాసాలు మిగిలాయి. ఒకదాంట్లో ప్లెథోరా ఉంది, మిరియడ్ ఉంది, ఇన్ ఎ నట్‌షెల్ ఉంది. ఆ అబ్బాయి వీధి ఎలా ఉంటుందో మాత్రం వ్యాసమంతా చదివినా నాకు తెలీలేదు. రెండోది ఒక అమ్మాయి రాసింది. వాళ్ళ వీధికి తెల్లవారుజామున నాలుగింటికి నీళ్ళ ట్యాంకర్ వస్తుంది. ముందు రోజు రాత్రే బిందెలు వరసలో పెట్టేస్తారు. ఆ అమ్మాయి వాక్యం: "అవర్ బిందె స్టాండ్స్ ఇన్ ద లైన్. వి స్లీప్."

మా బిందె లైన్లో నిలబడుతుంది, మేం పడుకుంటాం. ఆ రెండు ముక్కల్లో ఉన్నవన్నీ చిన్న మాటలే. బిందెని మనిషి చోట నిలబెట్టింది ఆ పిల్ల. స్టాండ్ అన్న మాటని అలా వాడాలంటే దానితో చాలా రోజుల స్నేహం ఉండాలి, లేదా ఆ వరసలో చాలా రాత్రులు నిలబడి ఉండాలి. మిగతా ఇద్దరూ మొదటి వ్యాసానికే ఓటేశారు. "వొకాబులరీ రిచ్‌గా ఉంది" అన్నారు. రెండో దాంట్లో బిందె అనేది ఇంగ్లీషు మాట కాదు కాబట్టి ఒక మార్కు కూడా తగ్గించారు. వాదించాను, రెండు ఒకటితో ఓడిపోయాను. వాళ్ళిద్దరూ దుర్మార్గులేం కాదు. అప్పటి మార్కుల పట్టికలో వొకాబులరీకి పది మార్కులున్నాయి, ఆ పది ఎక్కడో ఒకచోట వేయాలి కదా. అయితే ఆ పదీ నిజానికి దేనికి పడ్డాయి? ప్లెథోరా అన్న మాట ఆ అబ్బాయి చెవిన ఎక్కడ పడి ఉంటుంది? అరుదైన మాటలు అరుదుగా వినిపించబట్టే అరుదైనవయ్యాయి. వాటిని కొలిస్తే మనం కొలిచేది చాలామటుకు పిల్లల తెలివిని కాదు, వాళ్ళ చుట్టూ ఉన్న మాటల్ని.

దీని మీద అమెరికాలో ఓ ప్రసిద్ధమైన లెక్క ఉంది. హార్ట్, రిస్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కాన్సాస్ సిటీ ప్రాంతంలో 42 కుటుంబాల ఇళ్ళకి నెలకో గంట వెళ్ళి, పసిపిల్లలతో పెద్దలు మాట్లాడే మాటల్ని రికార్డు చేసి లెక్కపెట్టారు. 1995లో పుస్తకం వచ్చింది. పేదింటి పిల్లలు బడి ఈడుకి వచ్చేలోపు, చదువుకున్న ఉద్యోగస్తుల పిల్లలకంటే మూడు కోట్ల మాటలు తక్కువ వింటారన్నది దాన్నుంచి పుట్టిన నినాదం. నినాదాలకి ఉండే బలం వల్ల దీని చుట్టూ బోలెడు పథకాలు వచ్చాయి. కానీ ఆ 42లో ప్రభుత్వ సాయం మీద బతికే కుటుంబాలు ఆరంటే ఆరే. 2018లో ఇంకో బృందం వేరువేరు సమాజాల్లో మళ్ళీ లెక్కపెట్టి, తల్లి ఒక్కతే కాక ఇంట్లో మిగతావాళ్ళు అనే మాటలూ, పిల్లల చెవిన పడే మాటలూ కలిపితే ఆ అంతరం అలా నిలవదని చెప్పింది. మన వాకిళ్ళు తలుచుకుంటే నవ్వొస్తుంది నాకు. నాయనమ్మ, పిన్ని, పక్కింటివాళ్ళు, కూరగాయల బండి, గోడ మీంచి జరిగే గొడవ. ఇంత మోతలో పెరిగే పిల్లకి మాటలు తక్కువని ఎవరంటారు? ఆ మాటలు బడి లెక్కపెట్టే మాటలు కావు, అంతే.

ఆ అమ్మాయి వాళ్ళది పాలమూరు వైపు. ఓ శనివారం క్లాసులో "ఆర్ ఫర్ రైస్" అన్న చిన్నపిల్లల చార్టు గోడ మీద కనబడితే, ఊరికే, రైస్‌ని తెలుగులో ఏమంటారని అడిగాను. క్లాసు సగం అన్నం అంది, సగం బియ్యం అంది. ఇంకోడు వడ్లు అన్నాడు. పొలంలో నిలబడి ఉంటే వరి. ఇంగ్లీషులో పాడీ అన్న మాట ఉన్నా, అక్కడి చంటిపిల్లాడికి ఇవన్నీ రైసే. ఇక పిల్లలు ఆగలేదు. కంకి, నూకలు, తవుడు, ఉనుక, గంజి, కుడితి, అటుకులు, పేలాలు. పంట పొట్టకొచ్చిందంటారు, పాలుపోసుకుందంటారు. ఇంగ్లీషులో కూడా వ్యవసాయ శాస్త్రంవాళ్ళు ఆ దశని మిల్క్ స్టేజ్ అనే అంటారని తర్వాత చూసి తెలుసుకున్నాను. ఆ రోజు బోర్డు నిండిపోయింది. నేను అదే బోర్డు మీద వాటి పక్కన ఇంగ్లీషు మాటలు రాయడం మొదలుపెట్టాను. తవుడు బ్రాన్, ఉనుక హస్క్, కోత హార్వెస్ట్, దిగుబడి యీల్డ్. ఇవన్నీ మా వెయ్యి మాటల పుస్తకం 'కఠినం' అని చుక్క గుర్తు పెట్టే రకం మాటలు. ఒక్కటి కూడా ఎవరూ నోట్‌బుక్ మడిచి రాసుకోలేదు. మరుసటి శనివారం అడిగితే చాలామందికి గుర్తున్నాయి. గుర్తుండడంలో వింత లేదు. వస్తువు అప్పటికే వాళ్ళ దగ్గరుంది, దానికి ఇంకో పేరు వచ్చింది, అంతే.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. నారుమడిని ఇంగ్లీషులో ఏమంటారని ఆ అమ్మాయే అడిగింది. "మా దిక్కు తుకం అంటరు సార్. తుకం పోసినం అంటరు." నర్సరీ అన్నాను. క్లాసంతా నవ్వింది. నర్సరీ అంటే చిన్నపిల్లల బడి కదా, నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ. నవ్వు అయ్యాక ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి అడిగింది, "అంటే చిన్నపిల్లలని అండ్ల పోసి, పెద్దగైనంక వేరే కాడ నాటుతరా సార్?"

నేను దీని గురించి తర్వాత చాలా ఆలోచించాను. నారు పీకి నాటడాన్ని ట్రాన్స్‌ప్లాంట్ అంటారు. టీవీలో రోజూ వినిపించే కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్‌లో ఉన్నది ఈ నాట్ల మాటే. ట్రాన్స్‌ప్లాంట్ అంటే అవయవ మార్పిడి అని కుడివైపు రాసుకున్న పిల్లకి ఒక అర్థం వచ్చింది. ఒకచోట వేరు తెంపుకున్నది ఇంకోచోట వేరు పట్టాలి, పట్టకపోవచ్చు కూడా, నాటిన మొదటి వారం నీళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలి అని తెలిసిన పిల్లకి వచ్చిందేమిటి? డాక్టరు శరీరం 'రిజెక్ట్' చేసిందంటే ఆ పిల్లకి సగం ముందే అర్థమవుతుంది. బ్రాడ్‌కాస్ట్ కూడా ఇలాంటిదే. రేడియో రాకముందు అది విత్తనాలు చేత్తో చల్లడానికి వాడిన మాట. మన వ్యవసాయ శాఖవాళ్ళు నాట్లు లేని వరిసాగుని వెదజల్లే పద్ధతి అంటారు చూడండి, అదే. నెట్‌వర్కింగ్ పేపర్లో బ్రాడ్‌కాస్ట్ అడ్రస్ గురించి నేను బట్టీ పట్టింది ఇంజనీరింగ్ మూడో ఏట. ఒక ఇంటికని కాకుండా మడి మొత్తానికీ చల్లడం అని ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. ఫీల్డ్, కల్చర్, రూట్, సీడ్ ఇవన్నీ పొలంలోంచి లేచి వెళ్ళి ఆఫీసుల్లో, లేబొరేటరీల్లో స్థిరపడ్డ మాటలే. పొలంలోంచి వచ్చిన పిల్లల్ని కూచోబెట్టి వాటిని పరాయి మాటలుగా పరిచయం చేస్తున్నాం మనం.

ఏ మాటలు ముందు అన్న ప్రశ్నని నాకు తెలిసినంతలో అందరికంటే సూటిగా అడిగినవాడు మైకేల్ వెస్ట్. ఇండియన్ ఎడ్యుకేషన్ సర్వీసులో పనిచేసిన ఇంగ్లీషువాడు. ఢాకాలో టీచర్లకి శిక్షణ ఇచ్చే కాలేజీ నడిపాడు. బెంగాల్ పిల్లల ఇంగ్లీషు చదువు మీద ఆయన ద్విభాషా నివేదిక 1926లో వచ్చింది. వలస ప్రభుత్వ ఉద్యోగి రాసింది కాబట్టి కాస్త అనుమానంతోనే చదవడం మొదలుపెట్టాను. అయితే అందులో ఒక మాట నన్ను పట్టుకుని వదల్లేదు: సరెండర్ వాల్యూ. ఎల్‌ఐసీ పాలసీ ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ మాట అందరికీ తెలుసు. ప్రీమియం పూర్తిగా కట్టలేక పాలసీని మధ్యలో వదిలేస్తే చేతికొచ్చే డబ్బు. వెస్ట్ దీన్ని చదువుకి వాడాడు. బడిలో చేరిన పిల్లల్లో ఎక్కువమంది చివరిదాకా ఉండరు. రెండేళ్ళకో మూడేళ్ళకో మానేసే పిల్లకి అప్పటిదాకా చదివిన ఇంగ్లీషు దేనికైనా పనికొస్తుందా? కోర్సు మొత్తం పూర్తిచేసినవాడికి మాత్రమే పనికొచ్చేలా తయారుచేసిన చదువు, మానేసినవాళ్ళ దగ్గర ప్రీమియం కట్టించుకుని ఏమీ ఇవ్వకుండా పంపేసినట్టే.

ఆ దృష్టితోనే ఆయన రీడర్లు రాశాడు. అరుదైన మాటల్ని తీసి వాటి చోట వాడుక మాటలు పెట్టాడు. కొత్త మాటలు ఒక్కచోటే గుంపుగా పడకుండా, వచ్చిన మాట మళ్ళీమళ్ళీ ఎదురయ్యేలా చూశాడు. 1935లో ఓ నిఘంటువు చేశాడు, అందులో దాదాపు 24,000 మాటలకీ వివరణలన్నీ 1,490 చిన్న మాటల్లోనే ఉంటాయి. పైన నేను చెప్పిన పాయింటర్ల గొలుసుకి అది విరుగుడు. 1953లో ఆయన పేరు మీద వచ్చిన రెండు వేల మాటల జనరల్ సర్వీస్ లిస్ట్ చాలాకాలం ప్రపంచమంతా పాఠ్యపుస్తకాలకి ఆధారమైంది. అరుదైన మాటల మోజులో ఉన్న మన జాబితాలు, మన దేశంలోంచే పోయిన ఈ ఆలోచనకి సరిగ్గా ఎదురు దిక్కులో నడుస్తుండడం చిత్రంగా అనిపిస్తుంది.

ఇక్కడితో ఆపేస్తే నేను వెస్ట్ పక్షం అయిపోతాను. అంత సులువుగా కాలేను. రెండు వేల మాటలు చాలని ఎవరన్నా అంటే, ఎవరికి చాలు అని అడగాలనిపిస్తుంది. కూలివాళ్ళ పిల్లకి చాలా? మీ అమ్మాయికి? మనకి ఈ రేషనింగ్ కొత్త కాదు. ఏ శాస్త్రం ఎవరి చెవిన పడవచ్చో, ఎవరి చెవిన పడకూడదో వేల ఏళ్ళు లెక్కలు వేసిన సమాజం మనది. 2010లో ఉత్తరప్రదేశ్ లఖీంపూర్ ఖీరీ జిల్లా బంకా గ్రామంలో, దళిత రచయిత చంద్రభాన్ ప్రసాద్ చొరవతో, ఇంగ్లీషు దేవతకి గుడి కట్టడం మొదలుపెట్టారు. ఆ దేవత చేతిలో కలం ఉంటుంది, కాళ్ళ కింద కంప్యూటర్ ఉంటుంది. దాన్ని చూసి నవ్విన సాహిత్యాభిమానులు నాకు తెలుసు. వాళ్ళ పిల్లలు ఏ బడుల్లో చదువుతున్నారో కూడా తెలుసు. ఇంట్లో ఇంగ్లీషు నిండుగా ఉన్నవాళ్ళు బయట అమ్మభాష గురించి ఉపన్యాసాలివ్వడం, మాకు సింపుల్ ఇంగ్లీషు చాలండీ అనడం, కడుపు నిండినవాడు ఉపవాసం గొప్పతనం చెప్పినట్టు ఉంటుంది.

ఈ అభ్యంతరానికి అంకెల బలం కూడా ఉంది. ఆ రెండు వేల మాటలు వస్తే మామూలు ఇంగ్లీషు రచనలో సుమారు 80 శాతం మాటలు తెలిసినట్టు. వినడానికి బాగానే ఉంది, ఫస్ట్ క్లాసు మార్కులు. కానీ 80 శాతం అంటే ప్రతి ఐదు మాటల్లో ఒకటి తెలీదని. పాల్ నేషన్ అనే న్యూజీలాండ్ భాషా శాస్త్రజ్ఞుడు, తన సహ పరిశోధకురాలితో కలిసి 2000లో చేసిన ప్రయోగంలో, 80 శాతం మాటలే తెలిసిన కథని సరిగ్గా అర్థం చేసుకోగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరి సాయమూ లేకుండా ఒక నవలో పత్రికో చదువుకోవాలంటే 98 శాతం తెలియాలనీ, దానికి ఎనిమిది తొమ్మిది వేల మాటల కుటుంబాలు కావాలనీ ఆయన తర్వాత లెక్కగట్టాడు. అంటే రెండు వేల దగ్గర ఆపితే ఆ పిల్ల పుస్తకం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. బోర్డులు చదవగలదు, ఫారాలు నింపగలదు. పుస్తకం చదవలేదు.

అయితే ఈ వాక్యం చూడండి: "ఈసారి మా ఊళ్ళో గుడిమి బాగా కురిసింది గానీ, చెరువు బిలుపు తెగడంతో పొలాలన్నీ జొలికిపోయాయి." ఇందులో మూడు మాటలు నేను కల్పించినవి, ఏ నిఘంటువులోనూ దొరకవు. తెలిసిన మాటలు 80 శాతం కూడా లేవు. అయినా మీకు అర్థమైంది. ఎందుకంటే వాన, చెరువు కట్ట, మునిగిన పొలం మీకు ముందే తెలుసు. ఇప్పుడిది: "అతను మిజెన్ సరిచేసి ఫోక్సల్ వైపు నడిచాడు." ఇక్కడ తెలియనివి రెండే. కానీ పాత తెరచాప ఓడలతో పరిచయం లేకపోతే ఊహించడానికి పట్టు దొరకదు. తెలిసిన లోకంలో తెలియని మాటకి పిల్లలు తమంతట తామే అర్థం కల్పించుకుంటారు. తెలియని లోకంలో తెలియని మాట గోడలా నిలబడుతుంది.

అందుకే వెస్ట్‌కీ, ఆయన మీద అభ్యంతరానికీ మధ్య నేను ఒక వరసని ఎంచుకుంటాను. చిన్న మాటలు లోతుగా ముందు, ప్రతి పిల్లకీ, ఎంత టైము పట్టినా. ఆ తర్వాత పెద్ద మాటలు, వాళ్ళ చేతిలో వస్తువు ఉన్నచోటు నుంచి మొదలుపెట్టి. హస్క్, యీల్డ్, ట్రాన్స్‌ప్లాంట్ దాకా వచ్చిన పిల్లని ఇక ప్లెథోరా దాకా ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. ఇక్కడ జాబితా అనేది కనీస హామీ అవ్వాలి, గరిష్ట పరిమితి కాదు. సగంలో బడి మానేసే పిల్ల చేతిలో ఏముంది అని అడగని పద్ధతి ఏదైనా, ఎన్ని వేల మాటలు నేర్పుతానని చెప్పినా, నాకు న్యాయంగా అనిపించదు.

ఈ మాట అనగానే, "అయితే తెలుగు మీడియమే మేలంటారా" అని అడుగుతారు మిత్రులు. కాదు, అది వేరే తగువు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ఇంగ్లీషు మీడియం జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం నిర్ణయం తీసుకుంది. రెండుచోట్లా చర్చంతా బోర్డు మీద ఏ భాష పేరు ఉండాలన్న దాని చుట్టూనే తిరిగింది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఫొటోసింథసిస్ పరాయి మాట, నిజమే. కిరణజన్య సంయోగక్రియ ఎవరింట్లో మాట? లాగరిథమ్‌ని సంవర్గమానం అనీ, మొమెంటమ్‌ని ద్రవ్యవేగం అనీ నేర్చుకున్నాను. మా అమ్మకి రెండూ ఒకటే దూరం. నిజానికి ఆకు ఎండని తిని బతుకుతుందని చెప్పి, ఆ తర్వాత ఏ పేరు పెట్టినా పిల్లలు పట్టుకుంటారు. మా సైన్సు మాస్టారు అలా చెప్పేవారు. అందరికీ అలాంటి మాస్టారు దొరకరు.

ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. నాకు అవి నచ్చాయి. కనీసం పిల్లకి రెండువైపులా చూసే వీలుంది. ఈ తుకం, ఉనుక, బిందె లాంటివి మాత్రం రెండు పేజీల్లోనూ లేవు. అవి చెప్పుకోవడానికి క్లాసులో టైము దొరకాలి. ఆ బడిలో ఇంగ్లీషు చెప్పే మేడమ్‌కి నర్సరీ సంగతి చెబితే ఆవిడ చాలా సంతోషించారు. "ఇలాంటివి చెప్పాలనే ఉంటుంది సార్. డిసెంబరుకల్లా సిలబస్ అవ్వాలి, జనవరి నుంచి రివిజను. తుకం గురించి ఏ పరీక్షలో అడుగుతారు చెప్పండి?" అన్నారు. ఆవిడకి ఐదు సెక్షన్లున్నాయి.

ఈ ఏడాది కిట్ ఎలా ఉండాలో సలహాలు పంపమని ఆఫీసులో అడిగారు. వెయ్యి మాటల పుస్తకం తీసేసి, ఆ డబ్బుతో తేలిక ఇంగ్లీషులో రాసిన చిన్న కథల పుస్తకాలు తరగతికి నలభై చొప్పున కొందామని రాశాను. పిల్లలు తమ ఇంటి మాటల్ని తెచ్చి రాసుకునే ఖాళీ పుస్తకం ఒకటి ఇద్దామని కూడా. వ్యాసరచన మార్కుల పట్టికలో వొకాబులరీ పది మార్కుల్ని ఎత్తేసి 'చదివినవాడికి కళ్ళకి కట్టిందా' అన్నదానికి ఇమ్మన్నాను. రెండు రోజుల్లో మర్యాదగానే జవాబొచ్చింది. ఐడియా బాగుంది, అయితే పాత పుస్తకంతో పిల్లలు ఎన్ని మాటలు నేర్చారో ప్రతి మూడు నెలలకీ డ్యాష్‌బోర్డులో చూపించగలిగేవాళ్ళం, దీంట్లో ఏ అంకె చూపించాలో చెప్పగలరా అని. శుక్రవారంలోగా కావాలట. ఇవాళ బుధవారం. బిందె వాక్యం ఒక్కటే జవాబుగా పంపిద్దామా అనుకుంటున్నాను గానీ, ఆ గడిలో అంకెలు మాత్రమే పడతాయి.